డాబామీఁది నెగడు

ధనుర్మాసము వచ్చినంతనే సికింద్రాబాదులో డాబామీఁద నెగడు పెట్టి, చుట్టును కూర్చుండుటకుఁ దిన్నెలు కట్టించువారు నేఁడు కలరు. 1806లో సికందర్ జా పేర వెలసిన ఈ దండుపేటలో, ఆంగ్లాధికారుల ప్రాఁత బంగళాలయందు చలిమంటకు గోడలోనే పొగగొట్టము నిలిపిరి. ఆరుబయటి నెగడునకు గాలియే పొగగొట్టము. కావున, శ్రోతలారా, రెండు మూఁడు సాయంకాలములు అగరువత్తి వెలిగించి పొగ పోవు దిక్కు చూడుఁడు. ఆ దిక్కునఁ దిన్నె గాని పొరుగువారి కిటికీ గాని యుండరాదు.

ఇఁక అడుగుభాగము. వట్టి సిమెంటుకప్పుమీఁద మంట పెట్టినచో, లోని తేమ యావిరియై పైపొర పెట్లును. మన గుట్టల గ్రానైటు ఎంతటి వేఁడినైనను ఓర్చునని కొందఱందురు. ఓర్చదు. అందలి స్ఫటికకణములు తక్కినవానికంటె నెక్కువగా వ్యాకోచించును. రాయి పొరలుగా లేచును. దక్షిణదేశమున బండలు తీయువారు పూర్వము మంట పెట్టి పొరలు లేపినది ఈ గుణముచేతనే! ఇసుక పఱచి, దానిపై రెండు వరుసల ఇటుకలు పేర్చి, కాళ్లుగల ఇనుపమూకుడు నిలుపుట మేలు.

తిన్నెల బరువును మఱవరాదు. ఘనమీటరు ఇటుకకట్టు ఇంచుమించు 1,900 కిలోలు తూఁగును. ఇంజనీరు నడుగక కట్టింపకుఁడు. నాకైతే పీటయే చాలును.

చినుకులు పడెనని నిప్పులను గదిలోనికిఁ దెచ్చి తలుపు మూయుట ప్రాణాపాయము. కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు. నిద్రించువాఁడు మరల లేవఁడు. నిప్పులను డాబామీఁదనే నీటితో నార్పి, చేతికి వేఁడి తగులనంతవఱకు కదపకుఁడు.