వీరుడు నేలకొరిగిన రోజేది?
రికార్డుకో తేదీ.. తేల్చుకోవడమెలా?

రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పలువురు తెలుగు సైనికులు పాల్గొన్నారు. పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరానికి 'మిలటరీ మాధవరం' అన్న పేరు అలా వచ్చిందే. ఇటువంటి కుటుంబాల వారు తమ పెద్దల వివరాలు సేకరించబోతే మొదట ఎదురయ్యే చిక్కు మరణ తేదీయే. ఇంట్లో దాచిన తంతిలో ఒకటి, పింఛను పత్రంలో మరొకటి, స్మారక శిలపై ఇంకొకటి కనిపిస్తాయి.

ఒక్క మరణం.. అనేక తేదీలు
గాయపడిన రోజు, ఆసుపత్రిలో కన్నుమూసిన రోజు, ఖననం జరిగిన రోజు, ఇంటికి కబురందిన రోజు వేర్వేరు. గల్లంతైన వారి విషయంలో చిక్కు మరింత ఎక్కువ. కనిపించకుండా పోయిన తేదీ ఒకటైతే, మృతుడిగా పరిగణించిన తేదీ నెలల తరవాతిది కావచ్చు. అందువల్ల తేదీలు కలవనంత మాత్రాన ఏదో ఒకటి తప్పని తీర్మానించరాదు.

సింగపూర్‌ 1942 ఫిబ్రవరి 15న జపాను సేనలకు లొంగిపోయింది. అంతకుముందు పోరులో ఎవరు ఏనాడు మరణించారో వెంటనే నమోదు చేసే వీలు అన్నిచోట్లా లేకపోయింది. అక్కడి క్రాంజీ స్మారకంపై సమాధి తెలియని 24 వేల మందికి పైగా పేర్లున్నాయి. సైనికుడి పేరు ఎదుట లొంగుబాటు తేదీయే ఉంటే, అది మరణించిన రోజా, లేక చివరి హద్దుగా వేసిన తేదీయా అన్నది పరిశీలించాలి.

అర్ధరాత్రి తిరకాసు
విశాఖ తీరంలో పాకిస్థాన్‌ జలాంతర్గామి ఘాజీ మునక 1971 డిసెంబరు 3న అని కొందరు, 4న అని కొందరు రాస్తారు. భారత నౌకాదళ కథనం ప్రకారం పేలుడు అర్ధరాత్రి దాటాక సంభవించింది. వాడుకలో '3వ తేదీ అర్ధరాత్రి' అనేది క్యాలెండరులో 4వ తేదీ అవుతుంది.

అంకెల్లో రాసిన తేదీతోనూ జాగ్రత్త అవసరం. విశాఖపై జపాను బాంబులు పడిన 6-4-42ను అమెరికా పద్ధతిలో చదివితే జూన్‌ 4 అవుతుంది. ఇళ్లలో ఆబ్దికం తిథి ప్రకారం జరుపుతారు. మరణించిన రోజు తెలియక, కబురందిన నాటి తిథినే పాటించిన కుటుంబాలూ ఉన్నాయి. తిథిని ఆ ఏటి పంచాంగంతో సరిచూసి ఇంగ్లిషు తేదీ రాబట్టవచ్చు.

ఇలా తేల్చుకోవచ్చు
* ముందుగా సర్వీసు నంబరు సరిపోల్చాలి. ఒకే పేరున్న ఇద్దరి వివరాలు కలిసిపోయి ఉండవచ్చు.
* ప్రతి తేదీ ఎదుట అది దేనికి సంబంధించినదో, ఎవరు, ఎప్పుడు రాశారో నమోదు చేసుకోవాలి.
* ఘటన జరిగిన నాళ్లలో రాసిన యూనిట్‌ యుద్ధ దినచర్య, ఆసుపత్రి పుస్తకాలకు తరవాతి జాబితాల కంటే ఎక్కువ విలువనివ్వాలి.
* మూడు జాబితాల్లో ఒకే తేదీ ఉన్నా, ఒకదాన్ని చూసి మరొకటి రాసి ఉంటే అవి ఒకే సాక్ష్యం కింద లెక్క.
* ఆ రోజున యూనిట్‌ ఎక్కడ ఉందో చూడాలి.

అప్పటికీ తేలకుంటే 'ఫలానా తేదీల మధ్య' అని రాయడమే సమంజసం. కామన్వెల్త్‌ యుద్ధ సమాధుల కమిషన్‌ సైతం ఇదే పద్ధతి పాటిస్తోంది. దాని రికార్డుల్లో సవరణ కోరేవారు నాటి పత్రాల నకళ్లను ఆధారంగా చూపవలసి ఉంటుంది. కాబట్టి ఇంట్లోని పాత ఉత్తరాలను, తంతులను పారవేయక భద్రపరచడం అవసరం.