చదువుకోవడానికి ట్యాబా, ఈ-రీడరా?

2022 డిసెంబర్ 21న రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడుల్లో 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లకు ట్యాబ్ అలా బడి సంచిలోనే వచ్చింది. పుస్తకాల కోసమే తయారైన కిండిల్ లాంటి ఈ-రీడర్ మాత్రం ఇటువైపు అరుదు. దానికి కారణం ధర ఒక్కటే కాదు, భాష కూడా.

ముందు రెండింటికీ తేడా చూద్దాం. ట్యాబ్ తెర వెనక నుంచి వెలుగుతుంది. రంగులు, వీడియోలు, పాఠాలు, ఆటలు అన్నీ అందులోనే. ఈ-రీడర్ తెరపై అక్షరాలు కాగితం మీద అచ్చులా నిలుస్తాయి. ఎండలో కూడా చక్కగా కనిపిస్తాయి. పేజీ మారినప్పుడే తెరకు కరెంటు కావాలి కాబట్టి ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. వీడియోలకు అది పనికిరాదు. చదివే పిల్లలకు అదే మేలు, మధ్యలో మనసు పక్కకు పోదు.

మరి చిక్కు ఎక్కడ? 2016 చివర్లో కిండిల్ ఐదు భారతీయ భాషల్లో పుస్తకాలు తెచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు, ఉర్దూ లేదు.

మన చేతికి ఉచితంగా దొరికేవి ఎక్కువగా స్కాన్ చేసిన పేజీలు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం వేలాది తెలుగు కథలను అలాగే నెట్‌లో పెట్టింది. రేఖ్తా సైట్‌లో పాత ఉర్దూ పుస్తకాలూ స్కాన్ పేజీలే. స్కాన్ అంటే ఫొటో లాంటిది, అందులో అక్షరాలను మాత్రమే పెద్దవి చేసుకోలేం. పత్రిక పేజీని ఆరంగుళాల తెరలో ఇరికిస్తే తెలుగు ఒత్తులు, ఉర్దూ నుఖ్తాలు కనిపించవు. ట్యాబ్‌లో అయితే వేళ్లతో లాగి పెద్దది చేసుకోవచ్చు. నానీ, దాదీలకూ సులువు.

కాబట్టి పిల్లలు ఇంగ్లిష్ నవలలు బాగా చదువుతుంటే ఈ-రీడర్ డబ్బుకు తగిన వస్తువే. తెలుగు, ఉర్దూ చదివే ఇంట్లో ఒక్కటే కొనగలిగితే ట్యాబే మంచిది. బడి ట్యాబ్ ఇంట్లో ఉంటే, అందులో ఏవి తెరుచుకుంటాయో చూశాకే కొత్తదాని మాట. ఏది కొన్నా, చదివే వేళ నెట్ ఆపేయండి. ట్యాబ్ కూడా కాసేపు పుస్తకమవుతుంది.