పసుపు బస్సులో సంసారం: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో స్కూలు బస్సుకు రిటైర్మెంటు తొందరగానే వస్తుంది. పన్నెండు, పదిహేనేళ్లు పిల్లల్ని మోశాక దాన్ని వేలానికి పెట్టేస్తారు. నలభై అడుగుల బండి కొన్ని వేల డాలర్లకే చేతికొస్తుంది. సీట్లు పీకేసి మంచాలు, వంటగట్టు, బాత్‌రూము అమర్చుకుని పిల్లాపాపలతో ఊళ్లు తిరిగేవాళ్లు దాన్ని ముద్దుగా ‘స్కూలీ’ అంటారు. వీడియోల్లో చూస్తే పాటొకటి అయిపోయేలోపు ఇల్లు తయారైపోతుంది. అపోహలు పుట్టేదీ అక్కడే.

అపోహ: ఇది హిప్పీల వేషం, సంసారులకు పనికిరాదు.

వాస్తవం: రచయిత కెన్ కీసీ, ఆయన మిత్రబృందం 1964లో రంగులు పులిమి కాలిఫోర్నియా నుంచి న్యూయార్క్ దాకా తోలుకెళ్లిన ‘ఫర్దర్’ బస్సు వల్ల ఈ పేరొచ్చింది. అది 1939 నాటి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ స్కూలు బస్సు. తమాషా ఏమిటంటే, కీసీ కొనేనాటికే అందులో మంచాలూ వంట వసతీ ఉన్నాయి. అమ్మినాయన తన పదకొండుమంది పిల్లల్ని సెలవులకు తిప్పడానికి వాటిని పెట్టించుకున్నాడు. హిప్పీల కన్నా ముందు ఆ బస్సెక్కింది సంసారే.

అపోహ: స్కూలు బస్సంత భద్రమైన బండి లేదు. పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టినా ఫరవాలేదు.

వాస్తవం: మొదటి మాట నిజమే. రెండోదే ప్రమాదం. ఇంటివాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

పెద్ద స్కూలు బస్సుల్లో సీటు బెల్టులు ఉండి తీరాలన్న నియమం అమెరికా కేంద్ర ప్రభుత్వం పెట్టలేదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం పెట్టుకున్నాయి. బెల్టు లేకుండా పిల్లల్ని కాపాడే పని సీట్లకే అప్పగించారు. ఎత్తైన వీపులు, వాటికి మెత్తని దిండు, దెబ్బ తగిలితే వంగి ఆ ఊపును మింగేసే ఉక్కు చట్రం, వరసకూ వరసకూ మధ్య తక్కువ ఎడం. బండి గుద్దుకుంటే పిల్లవాడు ముందు సీటు వీపుకు తగిలి అక్కడే ఆగిపోతాడు. మరి స్కూలీ కట్టేవాళ్లు మొట్టమొదట పీకి పారేసేది ఆ సీట్లనే. అవి పోయాక మిగిలేది ఉక్కు పెట్టె. దాని గోడలెంత గట్టివైనా, లోపల సోఫా మీద చదువుకుంటున్న పిల్లకు, మంచం మీద నిద్రపోతున్న పిల్లవాడికి ఆ గట్టితనం ఒరగబెట్టేది చాలా తక్కువ.

బల్ల పక్క ప్లైవుడ్ బెంచీకి బెల్టు బిగించడం మరో ఉపాయం. గుద్దుకున్నప్పుడు బెంచీ, బెల్టు, మనిషి కలిసే ఎగిరిపడతారు. బెల్టు లంగరు నేల ఉక్కులోంచి దిగి, అడుగున ప్లేటుతో బిగియాలి. పక్కకు తిప్పిన సీట్లలో చైల్డ్ సీటు పెట్టవద్దని చైల్డ్ సీట్లు తయారుచేసేవాళ్లే రాస్తారు. మూడు చోట్ల పట్టే బెల్టు అమర్చి వచ్చే స్కూలు బస్సు సీట్లు దొరుకుతాయి. ఇంట్లో ఎందరుంటే అందరికీ ముందుకు చూసే అలాంటి సీట్లు వేశాకే సోఫా సంగతి ఆలోచించాలి. ఫొటోలో అందం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

వెనక అత్యవసర తలుపుకు అడ్డంగా పెద్ద మంచం వేసే అలవాటు కూడా ఇలాంటిదే. పైకప్పులోని అత్యవసర కిటికీ తీసేసి అక్కడ ఫ్యాను బిగిస్తారు. నిప్పంటుకుంటే మిగిలేది ముందు తలుపొకటే, పొయ్యి ఉండేదేమో చాలాసార్లు దాని దగ్గరే. వంటకు వాడే ప్రొపేన్ గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది. దాన్ని పసిగట్టే అలారం నేలకు దగ్గరగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వేరే అలారం కావాలి.

అపోహ: కప్పు కోసి రెండడుగులు లేపితే చాలు, హాయిగా నిలబడొచ్చు.

వాస్తవం: లోపలి ఎత్తు మామూలుగా ఆరు నుంచి ఆరున్నర అడుగులే. పొడగరులకు కష్టమే. అయితే 1977 నుంచి అక్కడి స్కూలు బస్సు కప్పుకు ఒక పరీక్ష ఉంది: ఖాళీ బండి బరువుకు ఒకటిన్నర రెట్లు పైన మోపినా కప్పు దాదాపు 13 సెంటీమీటర్లు దాటి కుంగకూడదు. ఆ బలం కిటికీల మధ్య నిలబడి కప్పు మీదుగా ఒంపు తిరిగిన ఉక్కు పక్కటెముకలది. వాటిని కోసిన తరవాత బస్సు బలమంతా అతుకు వేసిన వెల్డర్ చేతిలో ఉంటుంది.

అపోహ: బయట రంగు బాగుంది, లోపలా బాగున్నట్టే.

వాస్తవం: దిగితేగానీ లోతు తెలియదంటారు, ఇక్కడ నేల పీకితేగానీ తెలియదు. రబ్బరు పరుపు, దాని కింద ప్లైవుడ్, అడుగున ఉక్కురేకు. సీటు బోల్టుల రంధ్రాల గుండా ఏళ్ల తరబడి దిగిన నీళ్లు ప్లైవుడ్‌ను తడిపి రేకును తింటాయి. మంచు ప్రాంతాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు కిందినుంచి తింటుంది. కొనేముందు కింద పడుకుని టార్చిలైటుతో చూడాల్సిందే.

అపోహ: డీజిల్ ఇంజనే కదా, ఏదైనా లక్షల మైళ్లు నడుస్తుంది.

వాస్తవం: ఇంటర్నేషనల్ డీటీ466కు, కమిన్స్ 5.9 పన్నెండు వాల్వుల ఇంజనుకు ఆ పేరు న్యాయంగానే వచ్చింది. అదే ఇంటర్నేషనల్ బస్సుల్లో వచ్చిన వీటీ365ను మెకానిక్కులు అంత మెచ్చుకోరు. ఇంజన్ని మించి చూడాల్సింది గేరుబాక్సు. అలిసన్ ఏటీ545లో ఇంజన్నీ గేర్లనూ జారకుండా కలిపి పట్టే లాకప్ ఉండదు. ఊళ్లో స్టాపు స్టాపుకూ ఆగే పనికి అది సరిపోయింది. ఇంటి సామానంతా మోసుకుని రాకీ పర్వతాలెక్కితే వేడెక్కిపోతుంది, దిగేటప్పుడు ఇంజను బండిని పట్టి ఉంచదు. మైలేజీ లీటరుకు మూడున్నర నుంచి ఐదు కిలోమీటర్లు, అంతే.

అపోహ: కప్పు మీద సోలార్ పలకలుంటే ఏసీ ఉచితం.

వాస్తవం: 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు రెండున్నర యూనిట్లు. గంటకు యూనిట్టున్నర తాగే ఏసీకి అది రెండు గంటలైనా రాదు. అద్దాలతో నిండిన రేకు డబ్బాను చల్లబరచాలంటే ముందు గోడలకూ కప్పుకూ ఇన్సులేషన్ కావాలి.

అపోహ: కొన్నాం కాబట్టి అదే రంగుతో, అవే లైట్లతో తోలుకోవచ్చు.

వాస్తవం: కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ సైర్ 1939లో జరిపిన సమావేశం నుంచి ఆ పసుపు స్కూలు పిల్లల గుర్తుగా స్థిరపడింది. స్టాప్ బోర్డు, ఎర్ర లైట్లు, ‘స్కూల్ బస్’ అక్షరాలు తీసేయాలి. చాలా రాష్ట్రాల్లో రంగూ మార్చాలి. ఇల్లుగా రిజిస్టరు చేయించాలంటే పడక, వంట, నీళ్లు, కరెంటు వంటివి ఉన్నట్టు చూపాలి. లైసెన్స్ నియమాలూ రాష్ట్రానికో తీరు. సొంతానికి వాడే ఇంటిబండికి వాణిజ్య లైసెన్స్ అక్కర్లేదని చాలాచోట్ల అంటారు గానీ, 26,000 పౌండ్లు దాటితే కొన్ని రాష్ట్రాలు వేరే తరగతి లైసెన్స్ అడుగుతాయి. బీమా దొరకడం వీటన్నిటికన్నా కష్టం, అందుకే బస్సు కొనకముందే అడగాలి. పదేళ్లు దాటిన బండిని రానివ్వని ప్రైవేటు క్యాంపులు కూడా ఉన్నాయి.

అపోహ: అక్కడ చేసినట్టే హైదరాబాద్‌లో ఓ పాత స్కూలు బస్సు కొని చేసేయొచ్చు.

వాస్తవం: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి రూపు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. గ్యారేజీవాడు ‘చూసుకుందాం సార్’ అన్నా, ఆర్టీవో ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోకుండా కట్టర్ పట్టొద్దు.

అపోహ: టైరుకు గాట్లు లోతుగా ఉన్నాయి, ఇంకా కొన్నేళ్లు వస్తుంది.

వాస్తవం: రబ్బరు తిరక్కపోయినా ముసలిదవుతుంది. టైరు పక్కన డాట్ అన్న గుర్తు తరవాత వచ్చే వరుసలో చివరి నాలుగంకెలు చూడండి. 2316 అని ఉంటే అది 2016లో ఇరవైమూడో వారం తయారైంది. ముందు చక్రాలవి మొదట చూడాలి, స్టీరింగు తిప్పేది వాటినే.