వెల్లుల్లి రెబ్బ ఎన్ని పాయింట్లు తగ్గిస్తుంది?

పరగడుపున రెండు పచ్చి వెల్లుల్లి రెబ్బలు నమిలితే కొలెస్ట్రాల్ కరిగిపోతుందని చెప్పే పెద్దవాళ్లు ప్రతి చుట్టరికంలోనూ ఉంటారు. కరుగుతుంది సరే, ఎంత?

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం దీన్ని గట్టిగానే పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 130 నుంచి 190 మధ్య ఉన్న 192 మందిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు పచ్చి వెల్లుల్లి, రెండు జట్లకు రెండు రకాల వెల్లుల్లి మాత్రలు, నాలుగో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర. మోతాదు రోజుకు సుమారు 4 గ్రాముల రెబ్బ ఒకటి. వారానికి ఆరు రోజుల చొప్పున ఆరు నెలలు. పచ్చిది మింగుడుపడదని శాండ్‌విచ్‌లో కలిపి పెట్టారు పాపం. ఏ జట్టులోనూ ఎల్‌డీఎల్ చెప్పుకోదగ్గంత కదల్లేదు.

ఈ ఒక్కదానితో కొట్టిపారేయడం తొందరపాటే. 39 పరిశోధనలను కలిపి 2013లో వేసిన లెక్కలో మొత్తం కొలెస్ట్రాల్ 200 దాటినవారు రెండు నెలలకు మించి వాడితే అది సగటున 17 పాయింట్లు, ఎల్‌డీఎల్ 9 పాయింట్లు తగ్గాయి. అంటే ఎల్‌డీఎల్ 160 ఉన్నవారికి 151 అవుతుంది. తగ్గింది కాబట్టి సంతోషమే, కానీ ప్రమాదం గీత దాటి బయటపడలేదు. 2022లో క్లీవ్‌లాండ్ క్లినిక్ పరీక్షలో 5 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ మందు రోసువాస్టాటిన్ 28 రోజుల్లో ఎల్‌డీఎల్‌ను 37.9 శాతం దించింది. అదే 160 దాదాపు 100కు వస్తుందన్నమాట. అక్కడ వెల్లుల్లి మాత్ర జట్టులో ఉత్తుత్తి మాత్ర జట్టుతో పోలిస్తే ఎల్‌డీఎల్ 7.8 శాతం పెరిగింది! 28 రోజులు చాలవని వెల్లుల్లి పక్షంవాళ్లు అంటారు. ఆ మాటలో న్యాయముంది.

షుగర్ విషయంలో వెల్లుల్లికి కొంచెం మెరుగైన మార్కులు పడ్డాయి. టైప్-2 ఉన్న 768 మందిపై జరిగిన 9 పరిశోధనలను 2017లో కలిపి చూస్తే పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రెండూ తగ్గాయి. అయితే అక్కడ వాడింది రోజుకు 0.05 నుంచి 1.5 గ్రాముల మాత్రలు, పప్పుచారు తాలింపు కాదు. పైగా పాకిస్తాన్‌లో 60 మందిపై 24 వారాలు జరిగిన ఒక పరీక్షలో అందరూ షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వేసుకుంటూనే ఉన్నారు. మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. వాళ్లలో ఎవరూ మాత్ర మానేసి రెబ్బను నమ్ముకోవడానికి ఈ అంకెలు ఆధారం కావు.

రెబ్బను చితక్కొట్టినప్పుడే అందులోని ఎంజైమ్ పనిచేసి, వెల్లుల్లి గుణాలకు మూలమని చెప్పే ఘాటైన అల్లిసిన్ పుడుతుంది. దంచి పది నిమిషాలు ఉంచాలనేది అందుకే. దంచకుండా కాగే నూనెలో వేస్తే ఆ ఎంజైమ్ ముందే చచ్చిపోతుంది. కూర రుచికి మాత్రం లోటేమీ ఉండదు.

వార్‌ఫరిన్, ఆస్పిరిన్‌లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు వెల్లుల్లి మాత్రల సంగతి డాక్టరుకు చెప్పాల్సిందే, రక్తస్రావం పెరగవచ్చు. ఆపరేషన్ ఉంటే కనీసం 7 రోజుల ముందు ఆ మాత్రలు ఆపమంటారు.