కారు బోర్డు మీద ఎర్ర దీపం

రాత్రి పదకొండు గంటలు. పెళ్లివారిని రాజమండ్రిలో దింపి ఒక కారు ఊరికి తిరిగి వస్తోంది. కారు చాలా పాతది. కిరాయిలకు తిప్పుతున్నారు. నడిపేది భర్త. పక్క సీట్లో భార్య. ఈ కారు కొనడానికే ఆమె మెళ్లో గొలుసు బ్యాంకుకు వెళ్లింది. నెలనెలా వడ్డీ కట్టి వచ్చేది కూడా ఆమే.

స్టీరింగు వెనకాల ఉండే మీటరు బోర్డు చీకటిగా ఉంది. బండి ఎంత వేగంతో పోతోందో కనపడదు. పెట్రోలు ఎంత ఉందో తెలీదు. ఆమె సెల్‌ఫోను లైటు వేసి, ముల్లు చూసి చెబుతోంది.

"ఇట్టా ఎన్నాళ్లు మావా? ఆ బల్బులు మార్పించరాదూ!"

"ఈసారి ఎల్ఈడీలు వేయించేద్దాం. ఇంక మళ్లీ పోవు" అన్నాడతను.

మర్నాడే వేయించారు. బోర్డు ధగధగలాడింది. రెండు రోజులు కారు బాగానే తిరిగింది. మూడో రోజు తెల్లవారుజామున కిరాయి ఉంది. సెల్ఫ్ కొడితే ఇంజను కదల్లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. కిరాయివాళ్లు వేరే బండి మాట్లాడుకున్నారు.

బోర్డులో బల్బు మారిస్తే బ్యాటరీ ఎందుకు దిగిపోయింది?

బోర్డు మీద రెండు రకాల దీపాలు ఉంటాయి. మొదటి రకం వెలుతురు కోసం. అంకెలు, ముల్లు రాత్రిపూట కనపడటానికి వాటిని పెడతారు. రెండో రకం దీపాలు కబురు చెప్పేవి. వాటి మీద బొమ్మలు ఉంటాయి. చదువు వచ్చినవాళ్లకు అక్షరాలు ఎలాగో, బండి నడిపేవాళ్లకు ఈ బొమ్మలు అలాగ. నూనె డబ్బా బొమ్మ ఇంజను ఆయిలుది. చిన్న పెట్టె మీద కూడిక గుర్తు, తీసివేత గుర్తు ఉంటే అది బ్యాటరీ. లెక్కల్లో నేర్చుకున్న గుర్తులే అవి.

వెలుతురు దీపాలకు ఎల్ఈడీలు వేసుకోవచ్చు. పాత బల్బులో సన్నటి తీగ ఉంటుంది. అది కాలి వెలుగునిస్తుంది. గుంతల రోడ్ల మీద కుదుపులకు ఆ తీగ తెగిపోతుంది. ఎల్ఈడీలో తీగ లేదు, తెగేది లేదు. వేడి కూడా తక్కువే. బల్బు మార్చాలంటే బోర్డు మొత్తం ఊడదీయాలి కాబట్టి, ఎక్కువ కాలం వెలిగే దీపం వేసుకోవడం మంచిదే.

అయితే పెట్రోలు మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. బోర్డులోని ఒక బల్బు తినే కరెంటు రెండు మూడు వాట్లు. ముందు దీపం ఒక్కటే యాభై వాట్లకు పైగా తింటుంది. ఇక్కడ మిగిలేది సముద్రంలో చెంబెడు నీళ్లంత.

కొనేటప్పుడు కవరు మీద అంకె చదవాలి. కార్లకు 12 వోల్టులు. లారీలకు, బస్సులకు మామూలుగా 24. మరీ కాంతిగా ఉండేవి కొనకూడదు. బోర్డు వెలుగు కళ్లలో కొడితే రాత్రిపూట ఎదుట రోడ్డు ఆనదు.

రంగు సంగతి కూడా ఉంది. ఎర్ర ఎల్ఈడీని 1962లోనే తయారు చేశారు. నీలం రంగులో బాగా వెలిగేదాన్ని చేయడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. అది సాధించినందుకు జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇళ్లలో తెల్లగా వెలిగే ఎల్ఈడీ లోపల ఉండేది సాధారణంగా ఈ నీలం దీపమే. దాని మీద పసుపు పూత వేస్తే వెలుగు తెల్లగా కనిపిస్తుంది. అందులో ఎరుపు పాలు తక్కువ. అందుకని ఎర్ర మూత వెనకాల తెల్ల ఎల్ఈడీ పెడితే దీపం మసకగా ఉంటుంది. నీలం ఎల్ఈడీ పెడితే అసలు కనపడకపోవచ్చు. అందం కోసమని నీలం దీపాలు వేయించుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఆయిలు దీపం కనపడక బండి అలాగే నడిపితే ఇంజను పట్టేస్తుంది. ఇంజను బాగు చేయించాలంటే ఇంకో గొలుసు కావాలి.

ఇక బ్యాటరీ దీపం. అసలు చిక్కు ఇక్కడే.

ఇంజను తిరుగుతుంటే దాంతోపాటు ఆల్టర్నేటరు తిరుగుతుంది. కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది అదే. కరెంటు పుట్టాలంటే లోపల అయస్కాంతం ఉండాలి. ఆల్టర్నేటరులో ఉన్నది మామూలు అయస్కాంతం కాదు. తీగ చుట్టిన ఇనుము. దానికి కొంచెం కరెంటు ఇస్తేనే అది అయస్కాంతం అవుతుంది. పాత చేతిపంపు సంగతి ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు చెంబెడు నీళ్లు పోస్తేనే అది నీళ్లు అందుకుంటుంది. ఆల్టర్నేటరుకు పోసే ఆ మొదటి చెంబు, చాలా పాత కార్లలో, ఎర్ర దీపం గుండానే వెళుతుంది.

పాత బల్బు గుండా పోయే కరెంటులో పదో వంతు కూడా చిన్న ఎల్ఈడీ గుండా పోదు. పైగా ఎల్ఈడీ కరెంటును ఒకవైపు మాత్రమే పోనిస్తుంది. తిరగేసి పెడితే వెలగదు, కరెంటునూ పోనివ్వదు. ఈ కారులో జరిగింది అదే. బ్యాటరీ దీపం తిరగబడి ఉంది. ఆల్టర్నేటరుకు మొదటి చెంబు అందలేదు. రెండు రోజులూ బ్యాటరీ ఖర్చవడమే తప్ప నిండింది లేదు. ఆ కబురు చెప్పాల్సిన దీపం ఆరిపోయి ఉంది. దీపం వెలగలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు.

"ఇప్పుడేం చెయ్యాలి తమ్ముడూ?" అని ఆమె మెకానిక్కును అడిగింది.

"ఆ ఒక్కచోట పాత బల్బే వెయ్యాలక్కా. కొత్త కార్లలో ఈ బాధ లేదు. వాటి పద్ధతి వేరు."

పాత బల్బులు ఆమె పారెయ్యలేదు. అగ్గిపెట్టెలో వేసి దేవుడి గూట్లో పెట్టింది. బ్యాటరీ దీపం మాడలేదు కాబట్టి అది పనికొచ్చింది.

మెకానిక్కు ముందు తాళం తీసేశాడు. బ్యాటరీకి తీసివేత గుర్తు వైపు ఉన్న తీగ విప్పాడు. అప్పుడు బోర్డు ఊడదీశాడు. బల్బు హోల్డరును కొంచెం తిప్పితే ఊడి వచ్చింది. వెనకాల పల్చటి ప్లాస్టిక్ రేకు మీద రాగి గీతలు ఉన్నాయి. అవే తీగలు. గీసుకుపోతే రేకు మొత్తం మార్చాలి, అందుకే నెమ్మదిగా పని చేశాడు. వెలుతురు దీపాల్లో కూడా ఒకటి తిరగబడి ఉంటే తీసి, తిప్పి పెట్టాడు. వెలిగింది. (స్టీరింగులో ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో ఇంటి దగ్గర ఈ పని పెట్టుకోకూడదు. అది పేలి దెబ్బ తగలొచ్చు.)

బోర్డు బిగించే ముందు తీగ మళ్లీ తగిలించి ఆమెను పిలిచాడు.

"తాళం సగం తిప్పక్కా. ఇంజను ఆన్ చెయ్యకు. ఎన్ని ఎర్ర దీపాలు వెలిగినయ్యి?"

"నూనె డబ్బా ఒకటి, బ్యాటరీ ఒకటి. ఇంకోటేదో ఉంది."

"అది హ్యాండ్‌బ్రేకుది. దించితే పోద్ది. ఇప్పుడు సెల్ఫ్ కొట్టు."

బ్యాటరీ ముందు రోజే బయట చార్జి పెట్టించారు. ఇంజను అందుకుంది. డబ్బా దీపం, బ్యాటరీ దీపం రెండూ ఆరిపోయాయి. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను తిరగగానే ఆరిపోవాలి. తాళం తిప్పినప్పుడే వెలగకపోతే దీపం పాడైందని అనుమానించాలి. దారిలో డబ్బా బొమ్మ వెలిగితే బండి వెంటనే పక్కకు ఆపి, ఇంజను కట్టెయ్యాలి. బ్యాటరీ బొమ్మ వెలిగితే చార్జి అవడం లేదని అర్థం. ఆగిపోకముందే దగ్గర్లోని మెకానిక్కు దగ్గరకు చేరాలి. ఇంజను బెల్టు తెగినా ఆ దీపం వెలుగుతుంది. అప్పుడు ఇంజను వేడెక్కుతుంటే నడపకూడదు.

ఇప్పుడు పొద్దున్నే కారు తీసేటప్పుడు తాళం తిప్పేది ఆమే. రెండు దీపాలూ చూసి, తాళం అతనికి ఇస్తుంది.