రేసు కారు సీటు జరగొచ్చా?

కారు ఎంత స్పీడు పోతుందని అందరూ అడుగుతారు. సీటు దేనికి బిగించావని ఒక్కరూ అడగరు. 2006లో అమెరికాలో మొదలైన ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’ లాంటి అమెచ్యూర్ రేసుల్లో ఒకే పాత కారును నలుగురైదుగురు వంతులవారీగా నడుపుతారు. మా జట్టులో నేను పొట్టి, మా బావమరిది ఆరడుగులు. మరి సీటు జరగాలి కదా! చిక్కంతా అక్కడే.

సీటును ముందుకూ వెనక్కీ జరిపే పట్టాల్ని స్లైడర్లంటారు. చవక స్లైడర్లు కొన్నిటికి లాకు ఒకవైపే ఉంటుంది. కారు దేన్నైనా గుద్దినప్పుడు 20 జీల, అంటే గురుత్వాకర్షణకు 20 రెట్ల, తాకిడి వస్తే 70 కిలోల మనిషి 1,400 కిలోల బరువై లాగుతాడు. లాకు లేని వైపు ముందుకు దూకి సీటు మెలితిరుగుతుంది. రేసు బెల్టులు కట్టేది సీటుకు కాదు, కారుకు. కాబట్టి వెనకనుంచి ఎవరైనా గుద్ది సీటు వెనక్కి జారిందంటే బెల్టులు వదులే.

సీటు బోల్టులు దిగే కారు అడుగు రేకు సంగతీ చూడాలి. ఉత్త వాషరు వేస్తే బోల్టు రేకును చించుకుని పైకొస్తుంది. అందుకే అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనలు కనీసం నాలుగు చోట్ల 8 మిల్లీమీటర్ల బోల్టులు, రేకును బలపరిచే ప్లేట్లు అడుగుతాయి.

మేమైతే స్లైడరే తీసేశాం. సీటును పొడుగాయన కొలతకు బిగించి, నా వంతు వచ్చినప్పుడు నా ఒంటికి సరిపడా పోతపోసిన గట్టి ఫోమ్ పెడతాం. బెల్టులు మళ్లీ మొదటినుంచీ బిగించుకోవాలి. నా ఫోమ్‌ను బావమరిది ‘పాపాయి కుర్చీ’ అంటాడు. అననీ.