తెలుగు పేరు.. తొలి ప్రోగ్రాంకు పేచీ!

హోసూరు: తోటలో మట్టి తడి ఎంతుందో చెప్పే పరికరం చేయాలని మా మేనల్లుడి పట్టుదల. పాలిటెక్నిక్ చివరి ఏడాది ప్రాజెక్టు అది. ఇంటి వెనకే గులాబీ తోట. నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు బస్సెక్కి, ఎస్పీ రోడ్డులో ఆర్డుయినో ఊనో బోర్డు నకలు ఒకటి కొనుక్కొచ్చాడు. శుక్రవారం రాత్రి మొదలుపెట్టాడు. ఆదివారం పొద్దునకల్లా "వాపసు ఇచ్చేద్దాం మామా, ఇది చెడిపోయింది" అనేశాడు. సోమవారం సార్లకు చూపించాలి మరి!

నిజానికి బోర్డుకేం కాలేదు. తిప్పలన్నీ కంప్యూటర్‌ దగ్గరే.

2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం పుట్టింది ఆర్డుయినో. ఊనో బోర్డు మీది మైక్రోకంట్రోలర్‌లో ప్రోగ్రాం దాచుకోవడానికి ఉండేది 32 కేబీ జాగా. దానికి తెర లేదు, కీబోర్డూ లేదు. ప్రోగ్రాం మన కంప్యూటర్‌లో రాసి, చిప్ భాషలోకి మార్చి, యూఎస్‌బీ తీగ గుండా పంపాలి. ఈ పనంతా చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఆర్డుయినో ఐడీఈ. ఉచితమే. 64 బిట్ విండోస్ 10, ఆపై వాటికి రెండో తరం ఐడీఈ వేసుకోవచ్చు. ఇంట్లో పాత విండోస్ 7 కంప్యూటరే ఉంటే 1.8.19 చాలు.

మావాడు అదంతా సరిగ్గానే వేశాడు. అయినా పోర్టు కనిపించలేదు. తీరా చూస్తే తీగ సెల్‌ఫోన్ ఛార్జింగుది! అలాంటి కొన్ని తీగల్లో కరెంటే వెళ్తుంది, సమాచారం వెళ్లదు. బోర్డు మీద దీపం వెలుగుతుంది కాబట్టి అనుమానం రాదు. తీగ మార్చాం. అప్పుడు డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు. నకలు బోర్డుల్లో చాలావాటికి సీహెచ్340 చిప్ ఉంటుంది, దాని డ్రైవర్ వేయాలి. నెట్ ఉంటే విండోస్ తరచూ తనే తెచ్చుకుంటుంది. లినక్స్ వాడేవారికి ఈ బాధ లేదుగానీ, తమ పేరును డయలవుట్ గ్రూపులో చేర్చుకుని, ఒకసారి బయటికొచ్చి మళ్లీ లాగిన్ కావాలి. ఊనో బదులు నానో నకలు కొన్నవారు, ప్రోగ్రాం ఎక్కక మొరాయిస్తే ప్రాసెసర్ జాబితాలో 'ఓల్డ్ బూట్‌లోడర్' ఎంచుకుని చూడండి.

పోర్టు దొరికింది. ప్రోగ్రాం పంపితే మళ్లీ ఎర్రక్షరాలు.. 'అలాంటి ఫైలు లేదు' అని. ఉన్న ఫైలునే లేదంటోంది!

అసలు గుట్టు అక్కడుంది. మావాడి బడి చదువంతా తమిళంలో. తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర నేర్చుకున్నాడు. ఆ ముచ్చటతో కంప్యూటర్‌లో తన ఖాతా పేరు తెలుగులో పెట్టుకున్నాడు. విండోస్ అదే పేరుతో ఫోల్డర్ కడుతుంది. ఆర్డుయినో తన పనిముట్లను అందులోనే సర్దుకుంటుంది. ప్రోగ్రాంను చిప్ భాషలోకి మార్చే పనిముట్టు విండోస్‌లో ఆ తెలుగు దారిని చదవలేక చేతులెత్తేసింది. పైపైన పేరు మార్చినా లాభం లేదు, ఫోల్డర్ పాతదే ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాలతో కొత్త ఖాతా తెరవాల్సిందే.

"మన పేరు మనం రాసుకున్నా తప్పేనా మామా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. లోపం పనిముట్టుది. తెలుగు ఊసే పట్టకుండా కట్టినవాళ్లది.

కొత్త ఖాతాలో, బోర్డుల జాబితాలో ఊనో, పోర్టుల జాబితాలో కొత్తగా వచ్చిన కామ్ నంబరు ఎంచుకుని, ఉదాహరణల్లోని 'బ్లింక్' పంపాం. 'ఎల్' అని రాసున్న దీపం సెకను వెలిగి, సెకను ఆరింది. డిలేలో 1000 తీసి 200 పెడితే గబగబా కొట్టుకుంది. అవ్వను పిలిచి చూపించాడు.

ప్రోగ్రాంలో రెండు అడ్డగీతల తర్వాత రాసే వివరణ మాత్రం తెలుగులో ఉన్నా ఏ ఇబ్బందీ లేదు. తెలిసిందే తడవుగా ప్రతి వరుస పక్కనా తెలుగులోనే రాసేశాడు. ఇప్పుడు పొడి మట్టిలో, నీళ్లు పెట్టిన మట్టిలో సెన్సర్ గుచ్చి, 0 నుంచి 1023 లోపు ఎంత వస్తోందో నోటుబుక్కులో ఎక్కించుకుంటున్నాడు.